టీ గది రాతపటాల కోసం క్యోటో వెళ్లాలనుకుంటే

జపాన్ టీ వేడుకలో అతిథి గదిలోకి రాగానే ముందుగా వెళ్లేది గోడకున్న గూటి దగ్గరికి. దాన్ని తొకొనొమ అంటారు. అందులో వేలాడే రాతపటం, అంటే కుంచెతో రాసి చుట్టిపెట్టే పటం, కకెజికు. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని వంగి నమస్కరించి, తీరిగ్గా చూశాకే తన చోటికి వెళ్తారు. ఆ రోజు టీకి ఆ రాతే ప్రాణం. అందుకే ఈ పటాలను గదిలో చూడాలని నా అభిప్రాయం.

మరీ పాతవాటికి మాత్రం మ్యూజియమే గతి. టోక్యో నేషనల్ మ్యూజియంలో చైనా జెన్ బౌద్ధ గురువు యువాన్‌వు 1124లో రాసిన పత్రం ఉంది. ఒక గొట్టంలో జపాన్‌లోని సత్సుమా తీరానికి కొట్టుకొచ్చిందని కథ చెబుతారు. దాన్ని రెండు ముక్కలు చేశారు, ఇప్పుడున్నది మొదటి సగం. వెలుతురుకు కాగితం పాడవుతుంది కాబట్టి ఇలాంటివి అన్నివేళలా బయట ఉంచరు. ప్రదర్శనలో ఉందో లేదో ముందే చూసుకుని వెళ్లండి.

క్యోటోలో టూరిస్టుల వీధిలో ఒక చోట టీ అనుభవానికి బుక్ చేసుకున్నాం. కిమోనోలు, ఫొటోలతోనే సమయమంతా అయిపోయింది. పటంలో ఏం రాసి ఉందని అడిగితే చివర్లో చెప్తామన్నారు, చెప్పలేదు. బాధేసింది. బుక్ చేసేముందే పటం గురించి వివరిస్తారా అని అడగండి.

ఆ లోటు క్యోటోలోనే ఉరసెంకె అనే టీ సంప్రదాయం వాళ్ల మ్యూజియంలో తీరింది. హొరికావ వీధి దగ్గరే. ప్రదర్శనలు జరిగే రోజుల్లో పటాలు, గిన్నెలు చూశాక కుర్చీలో కూర్చోబెట్టి టీ ఇస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే నేనైతే ఇదే చెప్తాను.

అక్కడి నుంచి దైతొకుజి అనే జెన్ ఆలయం దూరం కాదు. టీ వాళ్లు అపురూపంగా చూసుకునే ఒక్క వరుస రాతలు చాలావరకు ఈ ఆలయ సన్యాసులవే. టీ వేడుకకు రూపునిచ్చిన గురువు సెన్ నొ రిక్యూ జెన్ సాధన కూడా ఇక్కడే. లోపల చాలా చిన్న ఆలయాలున్నా అన్నీ తెరవరు. వాటిలో ఒకటైన దైసెన్‌ఇన్‌లో ఫొటోలు తీయనివ్వరు, అదే మంచిదనిపించింది, కళ్లతోనే చూస్తాం. శాకాహారులకు ఇంకో మాట: ఆవరణలోనే ఇజుసెన్ అనే భోజనశాలలో ఎర్ర లక్క గిన్నెల్లో సన్యాసుల పద్ధతి భోజనం పెడతారు. బయట చాలా వంటల్లో చేపల రసం కలుస్తుంది కాబట్టి ఇక్కడ నిశ్చింతగా తిన్నాం.

బసకు కితాఒజి స్టేషన్ చుట్టుపక్కల చాపల గది ఉన్న పాత ఇల్లు చూసుకోండి. గదిలో తొకొనొమ ఉంటే అందులో సూట్‌కేసు పెట్టకండి, కాలు మోపకండి.

కొనాలంటే నెలనెలా 21న తోజి ఆలయంలో జరిగే సంతకు వెళ్లండి. పాత పటాలు గుట్టలుగా దొరుకుతాయి, కానీ అచ్చు వేసినవీ కలిసే ఉంటాయి. భూతద్దంతో చూస్తే సన్నటి చుక్కలు కనిపిస్తే అది అచ్చే. అంచుల పట్టుబట్ట ఊడిందా, చుట్టినప్పుడు మడతలు పడ్డాయా చూసుకుని, చెక్కపెట్టెతో సహా అడగండి.