నిమ్మతోట మీద మూడేళ్లు మల్టీస్పెక్ట్రల్ డ్రోన్: వేసవి మధ్యాహ్నం మాత్రం ఎగరేయకండి

నెల్లూరు జిల్లా పొదలకూరు దగ్గర మాకు ఆరెకరాల నిమ్మతోట ఉంది. ఎరుపు, కంటికి కనపడని నియర్ ఇన్‌ఫ్రారెడ్ లాంటి నాలుగు బ్యాండ్లలో (వెలుతురు రకాల్లో) విడివిడిగా ఫొటో తీసే మల్టీస్పెక్ట్రల్ కెమెరా ఉన్న డ్రోన్‌ను మూడేళ్లుగా నెలకోసారి ఎగరేస్తున్నాను. డ్రిప్ మూసుకుపోయిన వరసను, ఆకు వాడకముందే రెండుసార్లు పట్టించింది. ఆ ఒక్క పనికే దీన్ని వదులుకోను.

కానీ మొదటి వేసవిలో బాగా భయపెట్టింది. నీడలు తక్కువగా ఉంటాయని పన్నెండు గంటలకు ఎగరేయమన్నారు. ఏప్రిల్ చివర్లో అలాగే చేశాను. ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ వెలుతురును పోల్చి చెట్టు ఆరోగ్యం చెప్పే అంకెను ఎన్‌డివిఐ అంటారు. ఆ మ్యాపు నిండా, చెట్లు నీరసించినట్టు పసుపు చారలు! కాయకు ధర పలికే రోజులు కదా, ఒకటే టెన్షన్. మా నాయన తోటంతా తిరిగొచ్చి, "ఆకు నల్లగా నిగనిగలాడతా ఉందిరా, నీ మ్యాపులోనే ఏందో తేడా ఉంది" అన్నాడు. ఆయన మాటే నిజమైంది. ఆ చారలు చెట్ల వరసల వెంట లేవు, డ్రోన్ తిరిగిన దారి వెంట ఉన్నాయి.

చెట్టు అన్ని వైపులకూ ఒకేలా వెలుతురు తిప్పికొట్టదు. సూర్యుడు మన వీపు వెనక ఉంటే ఆకుల నీడలు ఆకుల చాటుకే పోతాయి, చెట్టంతా వెలుగుతూ కనిపిస్తుంది. ఫొటోలో డ్రోన్ నీడ పడే చోట ఇది మరీ ఎక్కువ. దాన్ని హాట్‌స్పాట్ అంటారు. అక్కడ ఎరుపు, నియర్ ఇన్‌ఫ్రారెడ్ రెండూ పెరుగుతాయి గానీ ఎరుపు పెరిగే పాలు ఎక్కువ, అందుకే ఎన్‌డివిఐ పడిపోతుంది. నెల్లూరు ప్రాంతం 14 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏప్రిల్ చివర్లో, మళ్లీ ఆగస్టు మధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. హాట్‌స్పాట్ ప్రతి ఫొటో నడిమధ్యకు వచ్చేస్తుంది, ఆ ఫొటోలన్నీ అతికితే డ్రోన్ దారి వెంట చారలు పడతాయి. పన్నెండింటి సలహా సూర్యుడు ఎప్పుడూ నడినెత్తికి రాని చల్లని దేశాలకు సరిపోతుంది, మనకు కాదు.

డ్రోన్ పైనున్న సన్‌లైట్ సెన్సర్ దీన్ని సరిచేస్తుందనుకుని చాలాకాలం మోసపోయాను. అది ఎంత వెలుతురు పడుతోందో కొలుస్తుంది, ఏ కోణంలో తిరిగొస్తోందో దానికి తెలియదు.

ఇప్పుడు వేసవిలో ఉదయం తొమ్మిదిన్నరకే ఎగరేస్తున్నాను. అప్పటికి సూర్యుడు నడినెత్తికి దాదాపు 40 డిగ్రీలు ఎడంగా ఉంటాడు, హాట్‌స్పాట్ నా కెమెరా చూపులో పడదు. నీడలు పొడుగవుతాయి, నిజమే. మా చెట్ల మధ్య 6 మీటర్ల ఎడం ఉంది గనక ఆ నీడ ఎక్కువగా నేల మీదే పడుతుంది. చెట్టు తల వరకే లెక్కలోకి తీసుకుంటాను. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నమే మేలు, సూర్యుడు దక్షిణానికి 38 డిగ్రీలు వాలి ఉంటాడు. అయితే వేసవి ఉదయం ఎండ తూర్పు నుంచి వస్తుంది, డిసెంబరు మధ్యాహ్నం దక్షిణం నుంచి. అందుకే ఏప్రిల్ మ్యాపును ఏప్రిల్ మ్యాపుతోనే పోల్చుకుంటాను.