ఇమ్యునాలజీ గైడు: పేపర్లు వందలున్న ఆయనా, నలభై దాటని ఆవిడా? ఏది మేలు?

మా అక్క కూతురు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేసి, ఇమ్యునాలజీలో, అంటే రోగనిరోధక శక్తి మీద, పీహెచ్‌డీ చేస్తానంటోంది. అది కూడా విశాఖ దాటకుండా. వెతగ్గా వెతగ్గా ఇద్దరు గైడ్లు తేలారు. పరిశోధన పేపర్లు చూపించే గూగుల్ స్కాలర్‌లో ఒకాయన పేజీ తెరిస్తే పేపర్లు వందల్లో ఉన్నాయి. ఇంకో ఆవిడకి అన్నీ కలిపినా నలభై దాటవు. "ఏ లెక్క చూడాలి మావయ్యా?" అని ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ అడిగింది. లైబ్రరీలో ఉద్యోగం చేసినవాణ్ణి కదా, ఆ లెక్కలతో నాకు పాత పరిచయమే.

పేపర్ల సంఖ్యని ముందే పక్కన పెట్టమన్నాను. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చేసే జర్నళ్లు వచ్చాక ఆ అంకెకి విలువ పోయింది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జర్నల్‌ది, మనిషిది కాదు. జర్నల్లో గడిచిన రెండేళ్లలో వచ్చిన పేపర్లని ఈ ఏడాది వేరే పేపర్లలో సగటున ఎన్నిసార్లు ఉదహరించారో (సైటేషన్లు) చెబుతుంది, అంతే. రెండేళ్లలో తేలని పని ఇమ్యునాలజీలో బోలెడు. కరికో, వైస్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఎంఆర్‌ఎన్‌ఏ (కణానికి ప్రోటీన్ తయారీ సూచనలు మోసుకెళ్లే అణువు) మీద రాసిన పేపరు, పేరున్న నేచర్ జర్నల్ వద్దన్నాక, 2005లో ఇమ్యూనిటీ అనే జర్నల్లో వచ్చింది. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఎంఆర్‌ఎన్‌ఏ కోవిడ్ టీకాలకి అదే ఆధారమైంది, 2023లో నోబెల్ వచ్చింది. అంతకు చాలా ముందే, 1995లో, కరికోని యూనివర్సిటీలో కింది హోదాకి దించేశారు కూడా.

మనిషి పేపర్లని కొలిచే హెచ్-ఇండెక్స్ కొంచెం నయం. 2005లోనే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. పది పేపర్లకి ఒక్కోదానికి కనీసం పది ఉదహరింపులుంటే హెచ్ పది. ఒకే పేపరుకి వెయ్యి వచ్చి, మిగతావాటిని ఎవరూ ముట్టకపోతే హెచ్ ఒకటి. ఒక్క లాటరీతో పెరగదన్నది దీని మంచి గుణం. కానీ వయసుతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు. అరవైల్లో ఉన్న ఆయన్నీ నలభైల్లో ఉన్న ఆవిడనీ దీనితో తూచడం అన్యాయం. సొంత పేపర్లని తామే ఉదహరించుకున్నా లెక్కలోకి వచ్చేస్తుంది.

మొత్తం ఉదహరింపులూ అంతే. ప్రోటీన్ కొలిచే పద్ధతి మీద లౌరీ 1951లో రాసిన పేపరుకి 3 లక్షలకు పైగా ఉన్నాయి. అది రోజూ ల్యాబ్‌లో వాడే పద్ధతి, అందుకే. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుదీ అదే కథ. 1925లో ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశాడు, ల్యాబులన్నీ దాన్ని వాడుకున్నాయి. హార్వర్డ్ మాత్రం ఆయనకి శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. తర్వాత లెడర్లే అనే మందుల కంపెనీలో ఆయన నడిపిన పరిశోధన నుంచి వచ్చిన మెథోట్రెక్సేట్‌నే ఈ రోజుకీ కీళ్లవాతానికి రాస్తున్నారు.

నేను అసలు చూడమన్నది పేర్ల వరస. జీవశాస్త్రంలో మామూలుగా మొదటి పేరు పని చేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపినవాళ్లది. వైద్య, జీవశాస్త్ర పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో ఇద్దరు గైడ్లవీ తీసి కూర్చున్నాం. ఆయన పేరు ఎక్కువగా మధ్యలో, ఇరవై ముప్పై మంది గుంపులో ఉంది. ఆవిడవి తక్కువే అయినా చివరి పేరు ఆవిడది, మొదటి పేరు ఎవరో ఒక స్టూడెంట్‌ది. అదే స్టూడెంట్ పేరు రెండు మూడు పేపర్లలో కనిపించి, తర్వాత వేరే చోట నుంచి కనిపించింది. అంటే పిల్లలు పూర్తి చేసి బయటపడుతున్నారన్నమాట. నా ఓటు ఆవిడకే.

అలాగని ఆయన్ని తీసిపారేయలేను. ఆయన దగ్గర ప్రాజెక్టులున్నాయి, అంటే జీతమూ కెమికల్సూ ఉంటాయి. కణాల్ని పరీక్షించే ఫ్లో సైటోమీటర్ యంత్రం కోసం వేరే డిపార్ట్‌మెంట్ గుమ్మం ముందు నిలబడక్కర్లేదు. జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా వచ్చే ఫెలోషిప్పు) లేని పిల్ల అయితే నేనే ఆయన దగ్గరికి పంపేవాణ్ణి. మా పిల్లకి జేఆర్ఎఫ్ ఉంది. ఆవిడ దగ్గర సీటు ఖాళీ ఉందో లేదో మాత్రం ఇంకా తెలియదు. ప్రొఫెసర్‌కైనా ఒకేసారి ఎనిమిది మందికి మించి పీహెచ్‌డీ స్టూడెంట్లు ఉండకూడదని యూజీసీ నిబంధన.

నిన్న ఆవిడ పాత స్టూడెంట్ ఒకమ్మాయికి ఫోన్ చేయించాను. "మేడమ్ డ్రాఫ్టు నాలుగుసార్లు తిప్పి పంపుతారు, ఏడుపొస్తుంది" అందట. మా పిల్ల టెన్షన్ పడుతోంది. నాకైతే నచ్చింది.