పాత మోటార్‌హోమ్ కొంటున్నారా? ముందు తాళంచెవి మీ చేతికి ఇమ్మనండి

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఈమధ్య పాత ఆర్వీల (చక్రాల మీది ఇల్లులాంటి మోటార్‌హోమ్‌ల) మీద పడ్డారు. రెండు కుటుంబాలు కలిసి ఒకటి కొనుక్కుంటే, పిల్లలకి సెలవులు ఇవ్వగానే యెల్లోస్టోన్‌కో గ్రాండ్ కాన్యన్‌కో పోవచ్చని ఆశ. మేమూ అలాగే కొన్నాం. ఫోర్డ్ ఈ-350 వ్యాన్ చాసిస్ (ఇంజిన్, చక్రాలు ఉన్న కింది చట్రం) మీద కట్టిన క్లాస్ సీ బండి, అంటే ముందు డ్రైవర్ కూర్చునే వ్యాన్ క్యాబ్, వెనక ఇల్లు. 2000 మోడల్ అన్నారు. అమ్మినతని పేరు రాయను, అతను వేసిన ఎత్తు మాత్రం రాస్తాను. రేపు మీ మీదా వేస్తారు.

మేం వెళ్లేసరికే ఇంజిన్ ఆన్‌లో ఉంది. "ఎండలో వస్తున్నారు కదా, ఏసీ వేసి ఉంచాను" అన్నాడు. టెక్సాస్ ఎండకి ఆ మాట మర్యాదగానే ఉంటుంది. పొయ్యి, ఫ్రిజ్, జనరేటర్, పైకప్పు అన్నీ ఓపిగ్గా చూపించాడు. టెస్ట్ డ్రైవ్ కూడా అదే ఊపులో అయిపోయింది. ఆ సేపంతా కీ బయటికి తియ్యనివ్వలేదు. ఇంటికి తెచ్చి ఆపాక, మర్నాడు పొద్దున కీ పెడితే తిరగదే!

కీ తిరగనంత మాత్రాన మోసమని కాదు. ముందు చక్రాలు పక్కకి తిరిగి ఉండగా ఆపితే స్టీరింగ్ లాక్ బిగుసుకుంటుంది, స్టీరింగ్‌ని అటూ ఇటూ ఆడిస్తూ కీ తిప్పితే వదిలేస్తుంది. కీ బయటికి రాకపోతే గేర్ పూర్తిగా పార్క్‌లో పడిందో లేదో చూసుకోవాలి. మాది ఆ రెండూ కాదు. స్టీరింగ్ కాలమ్ మీది ప్లాస్టిక్ తొడుగు విప్పాక సంగతి బయటపడింది. స్క్రూల తలలు చెడిపోయి ఉన్నాయి, ఒకటైతే అసలు వేరే రకం. కీ దూర్చే తాళం సిలిండర్ చుట్టూ స్క్రూడ్రైవర్ పెట్టి పొడిచిన గీతలు. ఇక కీ పళ్లు వాడేసిన సబ్బుబిళ్లలా నున్నగా అరిగిపోయాయి. అరిగిన కీకి తీయించిన నకలు అది, అరుగుదలతో సహా దించారు. సిలిండర్ లోపల వరసగా సన్నటి రేకులుంటాయి. కీ పళ్లు వాటన్నిటినీ ఒకే మట్టానికి తేవాలి. ఒక్క రేకు వెంట్రుకవాసి ఎత్తుగా నిలిచినా తాళం తిరగదు.

ఈ తరం ఫోర్డ్ కాలమ్‌లో సిలిండర్ మార్చడం నిజానికి చిన్న పని. కీని రన్ (ఇంజిన్ నడిచేటప్పుడు కీ ఉండే స్థానం) దగ్గరికి తిప్పి, తొడుగు కింద ఉన్న చిన్న రంధ్రంలోంచి సన్నటి పంచ్‌తో (ఇనప పుల్లలాంటి పనిముట్టుతో) పిన్ను నొక్కితే సిలిండర్ మొత్తం చేతిలోకి వచ్చేస్తుంది. కానీ కీ తిరిగితేనే! తిరగకపోతే ఆ పిన్ను లోపలికి పోదు, చివరికి డ్రిల్ చేయాల్సి వస్తుంది. ఖర్చు పెరిగేది అక్కడే. కీ కాస్త బిగుతుగా తిరగడం మొదలైందంటే వెంటనే మార్చేసుకోండి.

రెండో దెబ్బ లాక్‌స్మిత్‌ది, అంటే తాళాలు బాగుచేసేవాడిది. ప్రకటనలో 19 డాలర్లే అని ఉంటుంది. వచ్చినవాడు తాళం వైపు సరిగ్గా చూడకుండానే డ్రిల్ తీసి, రేటు వందల్లో చెప్పాడు. వద్దని పంపించేశాం. తర్వాత ఊళ్లో షాపున్న ఒక పెద్దాయన మా కీ లోతులు గేజ్‌తో కొలిచి, ఫ్యాక్టరీ కొలతలకి సరిదిద్ది కొత్త కీ కోసిచ్చాడు. కొంచెం గ్రాఫైట్ పొడి వేసి, స్టీరింగ్ ఆడిస్తూ తిప్పితే తిరిగింది! ఆ ఊపులోనే సిలిండర్ తీసేశాం. నూనె మాత్రం పోయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. కటింగ్ ప్లయర్‌తో కీ పట్టుకుని మెలితిప్పడం అంతకన్నా అన్యాయం, విరిగితే సగం ముక్క లోపలే.

కొత్త సిలిండర్ కొనేటప్పుడు ఇంకో తిరకాసు. చాసిస్ చేసేది ఒక కంపెనీ, దాని మీద ఇల్లు కట్టేది ఇంకో కంపెనీ. మా టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద 2000 అని ఉన్నా, విన్ నంబర్లో (బండి గుర్తింపు సంఖ్యలో) పదో అక్షరం ఎక్స్, అంటే చాసిస్ 1999ది. క్యాబ్ విడిభాగాలు విన్ చెప్పే ఏడాదికే అడగాలి.

చూడ్డానికి వెళ్లేముందు ఫోన్లోనే ఇంజిన్ స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట, చల్లబడేదాకా కూర్చోండి. కీ మీరే పెట్టి, తిప్పి, ఆపి, తీసి మళ్లీ పెట్టండి. బండి నిలబడి ఉన్నప్పుడు, పార్క్‌లో, ఇంజిన్ నడుస్తుండగా కీని మెల్లగా లాగండి. చేతిలోకి వచ్చేసిందా, ఆ సిలిండర్ పని అయిపోయినట్టే. కీ వదులుగా తిరుగుతూ స్టార్టర్ పలకకపోతే మాత్రం, వెనక యాక్చువేటర్ అనే పోత లోహపు ముక్క విరిగిందేమో అనుమానించాలి. దానికి స్టీరింగ్ కాలమ్ మొత్తం విప్పాలి, బేరం ఆ లెక్కన ఆడండి.

డీలర్ దగ్గర కొంటున్నాం కదా అని ధీమా వద్దు. వారంటీ ఉందో లేదో చెప్తూ వాడిన కార్ల అద్దానికి అంటించే బయ్యర్స్ గైడ్ కాగితం, ఎఫ్‌టీసీ (అమెరికా వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) నిబంధన ప్రకారం, లోడుతో సహా అనుమతించిన మొత్తం బరువు 8,500 పౌండ్ల లోపు ఉన్న బండ్లకే తప్పనిసరి. ఈ-350 ఆర్వీలు 10,000 దాటతాయి. మా అమ్మకందారు "ఉన్నది ఉన్నట్టు అమ్మాను" అని ఒక్క మెసేజ్ పెట్టి నంబర్ బ్లాక్ చేశాడు. అందుకే ఎన్ని కీలు ఇచ్చారో, తాళం మీ ముందు చల్లటి ఇంజిన్ మీద పనిచేసిందో లేదో బిల్ ఆఫ్ సేల్ (అమ్మకం రసీదు) మీద రాయించి, సంతకం పెట్టించుకున్నాకే డబ్బు చేతిలో పెట్టండి.