లాంబాక్ జలసంధి: బోటు బుక్ చేసే ముందు నీటి వాలు చూసుకోండి

ఇండోనేషియాలో బాలి, లాంబాక్ దీవుల మధ్య ఉన్నదే ఈ జలసంధి. ఆగస్టులో నేనూ మా తమ్ముడూ బాలి నుంచి, లాంబాక్ పక్కనున్న గిలి దీవులకు పాడాంగ్ బాయ్ రేవులో స్పీడ్ బోట్ ఎక్కాం. రేవు దాటేదాకా నీళ్లు చెరువులా ఉన్నాయి. సగం దూరం వెళ్లాక సముద్రం మీద గీత గీసినట్టు కనిపించింది: ఇవతల నునుపు, అవతల ఎసరు మరుగుతున్నట్టు సుడులు. అక్కడి నుంచి బోటు ఎగిరెగిరి పడింది. లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో ఒక్కరూ చెప్పలేదు. నేనే వెతికి బెంచీ కింద నుంచి లాగాను. ఆ కంపెనీ బోటు మళ్లీ ఎక్కను.

పసిఫిక్ వైపు నీటిమట్టం హిందూ మహాసముద్రం కంటే కాస్త ఎత్తు. అందుకే నీరు ఇండోనేషియా దీవుల సందుల్లోంచి దక్షిణానికి జారుతుంది. 2004-2006 మధ్య కొలిచినప్పుడు ఈ ఒక్క జలసంధిలోంచే సెకనుకు సగటున సుమారు 26 లక్షల ఘనపు మీటర్లు పోతోందని తేలింది. ఉత్తరాన వెయ్యి మీటర్లు దాటే లోతు, దక్షిణాన నుసా పెనిడా అనే దీవి దగ్గర సుమారు 300 మీటర్లకు వచ్చేస్తుంది. అంత నీరూ ఆ గడప దాటాలి మరి! జులై నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయపు గాలులు దీనికి తోడవుతాయి. ఏప్రిల్, మే నెలల్లో హిందూ మహాసముద్రం నుంచి వచ్చే పెద్ద అలల వల్ల ఈ వాలు, అంటే నీటి ప్రవాహం, నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఉత్తరానికి తిరుగుతుంది కూడా. వీటి మీద రోజువారీ ఆటుపోట్లు.

మాకు నచ్చిన సర్వీసు పెనిడాలో దొరికింది. తోయాపాకే దగ్గర డైవ్ గైడ్ మమ్మల్ని వెంటనే దూకనివ్వలేదు. లంగరు బోయా (నీటి మీద తేలే గుర్తు) వైపు చూపించాడు. అది పక్కకు వాలి సగం మునిగి ఉంది, వెనక తెల్లటి నురగ చార. నలభై నిమిషాలు కూర్చున్నాం. బోయా నిటారుగా లేచాక "ఇప్పుడు" అన్నాడు. పెనిడాలోనే ఉన్న క్రిస్టల్ బే నీళ్లు మాత్రం ఐసులా ఉన్నాయి, పలచటి సూట్ చాలలేదు. ఆ సీజన్లో అడుగు నుంచి చల్లటి నీరు పైకొస్తుంది, మోలా (సన్‌ఫిష్ అనే పెద్ద చేపలు) కనిపించేదీ అప్పుడే. మాకు ఒకటి కనిపించింది. తమ్ముడు ఇప్పటికీ దాని గురించే చెబుతాడు.

బసకైతే గిలి దీవుల్లో ట్రవాంగన్ కంటే గిలి ఎయిర్ ప్రశాంతం. మోటారు బళ్లు లేవు, గుర్రబ్బండ్లే. షవర్ నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి, అంతే. మా హోమ్‌స్టే ఆవిడ మొదటి రోజే చెప్పింది, పక్క దీవి మెనో వైపు ఈదొద్దని. చూస్తే కాలువంత దగ్గర, మధ్యలో లాగేస్తుందట. వాలుకు ఎగువన దిగి, దానితో తేలి, దిగువన ఒడ్డెక్కమంది. అలాగే చేశాం.

తిరుగు ప్రయాణం లాంబాక్‌లోని లెంబార్ రేవు నుంచి పెద్ద ఫెర్రీలో. ఐదు గంటలు పట్టినా కడుపులో తిప్పలేదు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే ఫెర్రీ. స్పీడ్ బోటే కావాలంటే పొద్దున్నే మొదటిది చూసుకోండి, పౌర్ణమి, అమావాస్యల దగ్గరి రోజులు వదిలేయండి.