'చాలు' తెలిసిన హోటలు

తిరుపతి రైల్వే స్టేషను నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో, ఒక సందు మొగలో ఉన్న ఈ చిన్న భోజన హోటలుకు నేను రెండేళ్లుగా వెళ్తున్నాను. రాగి సంగటి, శనక్కాయల చట్నీ, వంకాయ పుల్లగూర ఎప్పుడు తిన్నా బాగుంటాయి. సాంబారులో మాత్రం కొన్ని రోజులు బెల్లం ఎక్కువవుతుంది. అయితే ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం వంట కాదు, వడ్డన.

కొండకు వచ్చే యాత్రికుల వల్ల ఈ ఊళ్లో వడ్డించేవారి భాష ఒకటి, తినేవారి భాష మరొకటి కావడం రోజూ జరిగేదే. ఇంతకుముందు మరొక చోట, ఉత్తరాది నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు సాంబారు పోస్తుండగా నేను "చాలు, చాలు" అన్నాను; అతడు పోస్తూనే ఉన్నాడు. హిందీలో 'చాలూ' అంటే నడుస్తున్నది, సాగుతున్నది అని అర్థం. అది సంస్కృతంలోని 'చల' ధాతువుకు చెందిన మాట. మన 'చాలు' ద్రావిడ మూలం గలది. పుట్టుకలో ఏ చుట్టరికమూ లేని ఈ రెండు మాటలు చివరి అచ్చు పొడవు తప్ప ఒకే రూపం దాల్చి, సరిగ్గా ఎదురెదురు అర్థాలతో నా విస్తట్లో కలుసుకున్నాయి. ఆ కుర్రవాడిని తప్పు పట్టలేను, అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ హోటలు యజమాని ఆ చెప్పే పనిని శ్రద్ధగా చేస్తున్నారు. చేతులు కడుక్కునే చోట నల్లబల్ల పెట్టి, రోజుకొక మాట రాయిస్తున్నారు. నేను చూసినవాటిలో 'కాకి' మరపురానిది: మనకు పక్షి, హిందీలో చిన్నమ్మ, మలయ్ భాషలో కాలు, జపనీసులో తునికి జాతి పండు. నాలుగు వేర్వేరు భాషా కుటుంబాలు ఇంచుమించు ఒకే పలుకు దగ్గర కలవడం వింతగా తోచినా, క, ప, మ, త వంటి ధ్వనులు చాలా భాషల్లో ఉన్నాయి కనుక రెండక్షరాల మాటలు ఎక్కడో ఒకచోట ఢీకొనక తప్పదు. మలయ్ 'పది' పొలంలోని వరి అని మలేషియా నుంచి వచ్చిన ఒక తెలుగు కుటుంబం చెప్పగా, మరునాడే అదీ బల్లకెక్కింది.

ఒక్క అభ్యంతరం ఉంది. చింతపండుకు తమిళులు చెప్పే 'పుళి'ని మన 'పులి' పక్కన రాసి, ఇదీ అటువంటిదే అన్నారు. ఆ 'పుళి' మన పులుపుకూ పులుసుకూ తోబుట్టువు. దానిని పరాయి భాషల మాటలతో కలపకూడదు.

మొన్న వెళ్లినప్పుడు బీహారు అబ్బాయి గరిటె ఎత్తి పట్టుకొని "చాలా అండీ?" అని అడిగాడు. చాలన్నాను, గరిటె ఆగింది. ఆదివారాలు ఒంటిగంట దాటితే సంగటి దొరకదు, ముందే వెళ్లండి.