బిగ్ బెండ్ దారిలో జాకీ పెట్టిన తిప్పలు

బండి వెనక తగిలించుకుని వెళ్లి, లోపలే పడుకునే ట్రైలర్ అద్దెకు తీసుకునేవాళ్లు పరుపులు, ఏసీ, ఫ్రిజ్ చూస్తారు. మేమూ అవే చూశాం. ట్రైలర్ ముందు భాగాన్ని ఎత్తి నిలబెట్టే జాకీ చూడాలని మాకు రాత్రి పదిన్నరకి, వానలో తెలిసింది.

టెక్సాస్‌లోనే డాలస్ నుంచి బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కి ఐదు రోజుల ప్రయాణం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా బావమరిది. పికప్ మాదే. 22 అడుగుల ట్రైలర్ ఒకాయన దగ్గర రోజుకి 115 డాలర్లకి తీసుకున్నాం, డిపాజిట్ 500. ఆయన పెట్టిన ఫోటోల్లో ముందు ఎలక్ట్రిక్ జాకీ స్పష్టంగా కనిపిస్తోంది. బటన్ నొక్కితే లేచేది కదా, మా ఇద్దరిలో ఎవరైనా చేసుకోవచ్చు అనుకున్నాం.

తీసుకోవడానికి వెళ్లేసరికి ట్రైలర్ ఎత్తి సిద్ధంగా ఉంది. మా పికప్‌కి ఆయనే తగిలించి ఇచ్చాడు. సేఫ్టీ చెయిన్లు అడ్డంగా వేశాడా, ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే కేబుల్ పెట్టాడా, లైట్లు వెలుగుతున్నాయా, ట్రైలర్ బ్రేకులు పడుతున్నాయా అన్నీ దగ్గరుండి చూసుకున్నాను. జాకీ వైపు మాత్రం చూడలేదు. ఎలక్ట్రిక్ జాకీ ఎప్పుడో పాడైతే తీసేసి, పక్క రాడ్‌కి పడవల ట్రైలర్లకి వాడే చిన్న చక్రం జాకీ బిగించాడు. దాని మీద 1000 పౌండ్లు అని స్టిక్కర్.

సామానుతో కలిపి మా ట్రైలర్ 5000 పౌండ్ల దాకా ఉంటుంది. అందులో 10 నుంచి 15 శాతం బరువు ముందు కప్లర్ (పికప్‌కి తగిలే భాగం) మీద పడాలి, లేకపోతే రోడ్డు మీద వెనక భాగం ఊగుతుంది. అంటే 500 నుంచి 750 పౌండ్లు. వెయ్యి పౌండ్ల జాకీ సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ముందు పడే బరువుని పికప్ ముందు చక్రాలకీ, ట్రైలర్ చక్రాలకీ పంచే కొక్కెం) ఉన్నప్పుడు దాని స్ప్రింగ్ బార్లు ఎక్కించడానికి, దించడానికి ట్రైలర్ ముందు భాగంతో పాటు పికప్ వెనక భాగాన్ని కూడా జాకీయే పైకి లేపాలి. ఆ భారం లెక్కలో ఉన్నదానికంటే చాలా ఎక్కువ. అందుకే ఈ సైజు ట్రైలర్‌కి 3500 పౌండ్లకి తక్కువ జాకీ వద్దనే నేను చెబుతాను.

ఇంటర్‌స్టేట్ 20 హైవే మీద గంటకి 62 మైళ్లు దాటకుండా నడిపాను. మైలేజీ గాలన్‌కి 19 మైళ్ల నుంచి 10కి పడిపోయింది. దారంతా ఇబ్బంది ఏమీ లేదు.

ఒడెస్సా దగ్గర ఒక ప్రైవేటు ఆర్‌వీ పార్క్‌లో (ఇలాంటి ట్రైలర్లు నిలుపుకునే చోటు) రాత్రికి 58 డాలర్లు కట్టాం. సైట్ సమంగా ఉంటుందని ముందే చెప్పారు. తీరా చూస్తే పల్లం, తడిసిన మట్టి మీద పలచగా కంకర. ఆఫీసు మూసి ఉంది, ఫోన్ ఎత్తేవాళ్లు లేరు. ముందు భాగం ఎత్తితే తప్ప లోపల సరిగ్గా పడుకోలేం కాబట్టి పికప్ నుంచి విప్పాల్సి వచ్చింది. చక్రాలకి అడ్డుదిమ్మలు పెట్టి, కిందామీదా పడి బార్లు దించి, చెయిన్లు తీసి, పికప్ అడుగు దూరం ముందుకి జరిపాను. అంతే, జాకీ చక్రం మట్టిలోకి ఒరిగింది, గొట్టం వంగిపోయింది. "బావా, ఆగు ఆగు!" అని మా బావమరిది అరుస్తూనే ఉన్నాడు. అడ్డుదిమ్మలు లేకపోతే ట్రైలర్ అతని మీదకే జారేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు కాళ్లు వణుకుతాయి.

పిల్లలు పికప్‌లోనే నిద్రపోయారు. మా ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడి, "మీరు ఫోటో చూశారు గానీ, బండి చూడలేదు" అంది. నేనేమీ మాట్లాడలేదు.

పక్క సైట్‌లో ఉన్న పెద్దాయన ఒకరు మా లైటు చూసి వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. తన బాటిల్ జాకీ (సీసా ఆకారంలో ఉండే హైడ్రాలిక్ జాకీ), రెండు మందపాటి చెక్క దిమ్మలు తెచ్చి, దిమ్మల మీద జాకీ పెట్టి ఫ్రేమ్ ఎత్తి, మళ్లీ పికప్‌కి తగిలించేదాకా కదల్లేదు. గంట పట్టింది. మెత్తటి నేల మీద ఏ జాకీ అయినా కింద వెడల్పు దిమ్మ లేకుండా దించకూడదని అప్పుడే చెప్పారు. ఆ రాత్రి ట్రైలర్ విప్పకుండా, తల కిందకి జారుతూనే పడుకున్నాం.

పొద్దున్నే ఒడెస్సాలో 3500 పౌండ్ల ఎలక్ట్రిక్ జాకీ కొన్నాం, పన్నుతో 193.77 డాలర్లు. ఆయన తీసేసిన పాత ఎలక్ట్రిక్ జాకీ రంధ్రాలు అలాగే ఉన్నాయి. మూడు బోల్టులు, బ్యాటరీకి ఫ్యూజ్‌తో ఒక వైరు, నలభై నిమిషాల పని. బ్యాటరీ అయిపోతే చేత్తో తిప్పే హ్యాండిల్ ఉందో లేదో చూసే కొన్నాను. అది లేని ఎలక్ట్రిక్ జాకీ కొనొద్దు.

బిగ్ బెండ్ చాలా బాగుంది. ప్రవేశం బండికి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. చిసోస్ బేసిన్ ఘాట్ రోడ్డుకి 20 అడుగులు దాటిన ట్రైలర్లు వద్దంటారు కాబట్టి, రియో గ్రాండె విలేజ్‌లో ట్రైలర్ విప్పేసి పికప్‌లోనే తిరిగాం. శాంటా ఎలీనా కాన్యన్ దగ్గర మా ఆవిడ మొదటిసారి నవ్వింది.

తిరిగి అప్పజెప్పాక జాకీ వంచామని ఆయన డిపాజిట్‌లో 120 డాలర్లు కోశాడు. కొత్తది కొని పెట్టామంటే, నేను అడగలేదుగా అన్నాడు. ఆయన పెట్టిన ఎలక్ట్రిక్ జాకీ ఫోటో, మేం తీసిన వంగిన జాకీ ఫోటో రెండూ మేం ట్రైలర్ బుక్ చేసుకున్న కంపెనీకి పంపాను. పన్నెండు రోజులకి ఆ 120 వెనక్కి వచ్చింది. జాకీ డబ్బులు రాలేదు.

ఆ పెద్దాయనకి ఉదయం దిమ్మలు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. పార్క్‌లో మీకే అవసరం, ఉంచుకోండి అన్నారు. రియో గ్రాండె విలేజ్‌లో కొత్త జాకీని వాటి మీదే దించాం.