కారుతో వచ్చిన స్టీరియోకి శాటిలైట్ రేడియో: ఓనిక్స్ ఈజడ్‌ఆర్, ఎఫ్‌ఎం డైరెక్ట్ అడాప్టర్ జత ఎలా పనిచేస్తుంది

అమెరికాలో తిరిగే కారుకి, కంపెనీ స్టీరియో పీకేయకుండా సిరియస్‌ఎక్స్‌ఎం, అంటే చందా కట్టి వినే శాటిలైట్ రేడియో, పెట్టుకోవాలంటే దారులు చాలానే ఉన్నాయి. వాటిలో ఎక్కువ కార్లకి సరిపడేది ఓనిక్స్ ఈజడ్‌ఆర్ డాక్ రేడియో (డ్యాష్ మీద డాక్ అనే స్టాండులో పెట్టుకునే చిన్న రేడియో), దానికి తోడు విడిగా కొనుక్కోవాల్సిన ఎఫ్‌ఎం డైరెక్ట్ అడాప్టర్, అంటే ఎఫ్‌ఎండీఏ25. చాలామంది రేడియో ఒక్కటే కొని, పెట్టెలో వచ్చిన వైర్లతో సరిపెట్టుకుని, వారం తిరక్కుండానే "అంతా గరగరే" అని వాపసు ఇచ్చేస్తారు. రేడియోలో లోపమేమీ ఉండదు. లోపం పాట స్టీరియో దాకా చేరే దారిలో ఉంటుంది.

కొనే ముందు ఒక్క పని చేయండి. స్టీరియో మీద ఎస్‌ఎక్స్‌ఎం, ఎక్స్‌ఎం లేదా సాట్ అనే బటన్ ఉంటే నొక్కి, ఛానల్ 0 పెట్టి చూడండి. రేడియో ఐడీ కనిపిస్తే శాటిలైట్ సిగ్నల్ పట్టే ట్యూనర్ కారులోనే ఉన్నట్టు, చందా కడితే చాలు. జనరల్ మోటార్స్ బండ్లలో సర్వీస్ పార్ట్స్ లేబుల్ మీద యూ2కే అనే కోడ్ ఉందేమో చూసినా తెలిసిపోతుంది.

వైర్లెస్ ఎఫ్‌ఎం పద్ధతిని, అంటే ఓనిక్స్ తన పాటని గాలిలో ఎఫ్‌ఎం సిగ్నల్‌గా పంపితే స్టీరియో పట్టుకునే దారిని, నమ్ముకోవద్దు. లైసెన్సు లేని ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ 3 మీటర్ల దూరంలో మీటరుకి 250 మైక్రోవోల్టులు దాటకూడదని అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన. ఊళ్లో వేల వాట్ల స్టేషన్ల పక్కన అంత బలహీనమైన సిగ్నల్ నిలవదు. ఖాళీగా ఉందని ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలో హైవే మీద కాస్త దూరం వెళ్లగానే ఇంకో స్టేషన్ దూరిపోతుంది. డైరెక్ట్ అడాప్టర్ ఈ గొడవంతా మొదట్లోనే తెంచేస్తుంది. కారు యాంటెన్నాకీ స్టీరియోకీ మధ్య కూర్చుని, శాటిలైట్ రేడియో ఆన్‌లో ఉన్నంతసేపూ బయటి యాంటెన్నాని పక్కకి తప్పించి, తన సిగ్నల్‌ని వైరులోనే స్టీరియోకి అందిస్తుంది. రేడియో ఆపేస్తే మామూలు ఎఫ్‌ఎం మళ్లీ వస్తుంది. ఇది పెట్టాక కూడా ఫ్రీక్వెన్సీ ఎంచుకోవాలన్న సంగతి మరిచిపోవద్దు: ఓనిక్స్ మెనూలో ఎఫ్‌ఎం ఆన్ చేసి, 88.1 లాంటి దిగువ ఫ్రీక్వెన్సీ ఒకటి పెట్టి, స్టీరియోని కూడా దాని మీదే ఉంచాలి.

ఇంతా చేసి అది ఎఫ్‌ఎమ్మే. 15 కిలోహెర్ట్జ్ దాటిన సన్నటి శబ్దాలు అందులో రావు. కాబట్టి కారులో ఆక్స్ సాకెట్ (బయటి ఆడియో వైరు గుచ్చే రంధ్రం) ఉంటే అడాప్టర్ మీద డబ్బు పెట్టకండి, ఆక్స్‌కే కలపండి, అదే మేలు. ఆక్స్‌తో వచ్చే చిక్కు ఒకటే: ఇంజన్ వేగం పెరిగేకొద్దీ గొంతు పెంచే సన్నటి ఈల. డాక్ గ్రౌండ్, స్టీరియో గ్రౌండ్ వేర్వేరు చోట్ల కలవడం వల్ల ఆల్టర్నేటర్ రొద ఆడియో వైరులోకి పాకుతుంది. 3.5 ఎంఎం గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ ఒకటి మధ్యలో పెడితే ఈల పోతుంది. కాకపోతే చవకరకం ఐసొలేటర్లు బేస్‌ని కొంచెం మింగేస్తాయి.

అడాప్టర్ బిగించడానికి స్టీరియో బయటికి లాగక తప్పదు. బ్యాటరీ నెగెటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగండి. బీడింగులు ప్లాస్టిక్ ట్రిమ్ పరికరాలతోనే ఊడదీయండి, స్క్రూడ్రైవర్ పెడితే గాట్లు మిగులుతాయి. జీఎం బండ్లలో ఎక్కువగా 7 ఎంఎం, టొయోటాల్లో 10 ఎంఎం బోల్టులు ఎదురవుతాయి. ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ దీపం వైరు ఊడి ఉండగా మాత్రం తాళం తిప్పకండి, ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక దీపం వెలిగి మళ్లీ స్కానర్ వెతుక్కోవాలి.

అడాప్టర్‌కి రెండు వైపులా ఉండేది పాతకాలపు మోటరోలా రకం యాంటెన్నా ప్లగ్గు. కొత్త కార్లలో చాలావాటికి ఫాక్రా గానీ, ఆ కంపెనీ సొంత రకం గానీ ఉంటుంది. అప్పుడు కారు వైరుని మోటరోలాకి మార్చే కన్వర్టర్ ఒకటి, మోటరోలా నుంచి మళ్లీ స్టీరియోకి మార్చేది ఇంకొకటి కావాలి. ఒక్కటే తెచ్చుకుని, డ్యాష్‌బోర్డ్ విప్పి పెట్టుకుని షాపుకి పరిగెత్తేవాళ్లే ఎక్కువ. ముందే కారు మోడల్, సంవత్సరం చెప్పి రెండూ తెచ్చుకోండి.

అద్దంలో యాంటెన్నా తీగలున్న కొన్ని కార్లలో స్టీరియోకి రెండు యాంటెన్నా వైర్లు వస్తాయి, ఏది బలంగా ఉంటే దాని మీదికి స్టీరియో దానంతటదే దూకుతుంది. అడాప్టర్‌ని ఒక వైరుకే పెడితే రెండో దారి తెరిచే ఉంటుంది, కాబట్టి ఉండుండి బయటి స్టేషన్ చొరబడుతుంది. ఇలాంటి కారుకి ఈ అడాప్టర్ నప్పదు.

కరెంటు విషయంలో జాగ్రత్త మరీ ముఖ్యం. ఈ డాక్ నడిచేది 5 వోల్టుల మీద. సిగరెట్ లైటర్ ప్లగ్గు లోపల ఉన్న చిన్న సర్క్యూటే 12ని 5కి తగ్గిస్తుంది. వైరు వేలాడుతోందని ఆ ప్లగ్గు కోసేసి నేరుగా 12 వోల్టులకి కలిపితే డాక్ కాలిపోతుంది. దాచాలనుకుంటే డ్యాష్ వెనక ఒక లైటర్ సాకెట్ పెట్టి ప్లగ్గుని అందులో గుచ్చండి, లేదా 5 వోల్టుల హార్డ్‌వైర్ అడాప్టర్ వాడండి. రెంటికీ ఏసీసీ లైను (తాళం తిప్పినప్పుడే కరెంటుండే వైరు), ఫ్యూజు ఉండాలి. ఎప్పుడూ కరెంటుండే లైనుకి కలిపితే, ఆగి ఉన్న బండిలో కూడా బ్యాటరీని తాగుతూనే ఉంటుంది.

ఇక శాటిలైట్ యాంటెన్నా. పెట్టెలో వచ్చే అయస్కాంతపు యాంటెన్నా మంచిదే, పెట్టే చోటే దాన్ని పాడుచేస్తుంది. సిగ్నల్ 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది, దాన్ని సరిగ్గా పట్టాలంటే యాంటెన్నా కింద లోహపు రేకు పరుచుకుని ఉండాలి. కారు పైకప్పు మీద, అంచుల నుంచి కనీసం 3 అంగుళాలు లోపలికి పెట్టండి. డ్యాష్‌బోర్డ్ మీద పెడితే ఇంటి ముందు బాగానే పలికి, దక్షిణం వైపు చెట్లో కొండలో అడ్డొచ్చిన రోడ్డు మీద తెగిపోతుంది. ఈ రేడియో వాడే ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద నిలిచి ఉంటాయి కాబట్టి అమెరికాలో చూపు దక్షిణానికే. వంతెన కింద పాట ఆగకపోవడానికి కారణం రిసీవర్ కొన్ని సెకన్లు ముందే నిల్వ చేసుకోవడం. 2015 మోడల్ నుంచి ఫోర్డ్ ఎఫ్-150 పికప్ బాడీ అల్యూమినియం, దాని కప్పుకి అయస్కాంతం అంటదు, అంటించే ప్యాడ్ వాడాలి.

వైరుని వెనక అద్దం రబ్బరు కింద నుంచి డిక్కీలోకి, అక్కడి నుంచి గడప పట్టీల కింద ముందుకి తెచ్చుకోండి. కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న పిల్లర్ మీదుగా లాగొద్దు. డిక్కీ తలుపు కీలు దగ్గర వైరు నలిగినా, చివరి ఎస్‌ఎంబీ పిన్ను టిక్కుమనేదాకా గుచ్చకపోయినా తెర మీద "చెక్ యాంటెన్నా" అని వస్తుంది. "అక్వైరింగ్ సిగ్నల్" అంటే వైరు బాగానే ఉంది, ఆకాశానికే ఏదో అడ్డం.

డ్యాష్ మీద అదనపు తెర వద్దనుకునేవాళ్లు డ్యాష్ వెనక దాగి ఉండే ఎస్‌ఎక్స్‌వీ300 ట్యూనర్ చూస్తారు. చూపుకి అందం, స్టీరింగ్ బటన్లతో ఛానల్ మారుతుంది. కానీ ఆ ట్యూనర్ తనంతట తాను కంపెనీ స్టీరియోతో మాట్లాడదు. ఆ కారుకనే తయారైన ఇంటర్‌ఫేస్ కావాలి, దాని ధర ట్యూనర్ కంటే ఎక్కువ. వేయిస్ టెక్నాలజీ లాంటి సంస్థలు ఇలాంటివి చేశాయి, అన్ని మోడళ్లకీ లేవు. మోస్ట్ ఫైబర్ లూప్ (ఆడియో పరికరాలని కలిపే ఆప్టికల్ ఫైబర్ వలయం) ఉన్న జర్మన్ కార్లలో ఐతే కోడింగ్ కూడా చేయాలి, దాన్ని తెలిసిన మెకానిక్‌కే వదిలేయడం మంచిది.

అంతా బిగించాక డ్యాష్ మూసేయకుండా ముందు బండిని ఆరుబయట పెట్టి యాక్టివేట్ చేయండి. ఛానల్ 0లో కనిపించే ఐడీలో ఐ, ఓ, ఎస్, ఎఫ్ అక్షరాలు ఉండవు, కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా, నిలువు గీతలా ఉండేది ఒకటి. రేడియో ఆన్‌లోనే ఉంచి సిరియస్‌ఎక్స్‌ఎం చేత రిఫ్రెష్ సిగ్నల్ (చందాని రేడియోకి తెలిపే సిగ్నల్) పంపించుకోండి. గ్యారేజీలో పెట్టి పంపితే అది అందదు, చందా కట్టినా "అన్‌సబ్‌స్క్రైబ్డ్" అనే చూపిస్తుంది. అప్పుడు బయటికి తెచ్చి మళ్లీ రిఫ్రెష్ పంపించుకుంటే సరిపోతుంది.